గల్లాపెట్టె తెలిసిన సంపాదకుడు

పోయిన నెల మా అక్క కూతురు పరీక్షల నోట్సు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది. "మామా, ఈయన పేరు బాగేహాటా?" అని అడిగింది. వాల్టర్ బ్యాజట్ అని పలకాలని, నూట యాభై ఏళ్ల కిందటి ఇంగ్లండు బ్యాంకరు, పత్రికా సంపాదకుడని చెప్పి నోట్సు తీసుకుని చూశాను. ఆయన గురించి మూడే లైన్లు ఉన్నాయి. బ్యాంకుల మీద జనానికి నమ్మకం సడలినప్పుడు కేంద్ర బ్యాంకు (మనకు రిజర్వు బ్యాంకు లాంటిది) ధారాళంగా అప్పివ్వాలి. మంచి తాకట్టు మీదే ఇవ్వాలి. వడ్డీ ఎక్కువ వెయ్యాలి. పక్కన పెన్సిలుతో "5 మార్కులు" అని రాసుకుంది.

ఆ మూడు లైన్లలో తప్పేమీ లేదు. 2008 సంక్షోభంలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు నడుచుకున్నది ఆ సూత్రం మీదేనని అప్పటి ఛైర్మన్ బెర్నాంకీ కూడా చెప్పాడు. కానీ బ్యాజట్ నాకు సూత్రంగా పరిచయమైన మనిషి కాదు. నేను తిరుపతిలో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పదకొండేళ్లు పనిచేశాను. అందులో ఆరేళ్లు వాణిజ్యం పేజీ చూశాను. ఆ ఆరేళ్లలో నేను చేయాల్సిన పని ఏమిటో, ఎందుకు చేయలేదో ఆయన్ని చదివాకే తెలిసింది. అప్పటికి ఉద్యోగం మానేసి రెండేళ్లయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు దాచుకునే చోటు గురించి పత్రికలకు తెలిసిన సంగతి, దాచుకున్న ప్రతి ఒక్కరికీ ఒకేసారి, వాళ్ల భాషలో, సమయం మించకముందే తెలియాలి. "రాస్తే జనం భయపడతారు" అనేది ఆపడానికి కారణం కాకూడదు. ఈ మాట అనుకున్నంత తేలిక కాదు. నాకే దీనిమీద రెండు మూడు అనుమానాలున్నాయి. వాటినీ రాస్తాను.

మండీలో హుండీ

మా నాయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. ముప్పై ఏళ్లకు పైగా ఒకే సాహుకారు దగ్గర చిట్టా, ఆవర్జా రాశాడు. ఐరాల, పూతలపట్టు, బంగారుపాళ్యం వైపు నుంచి రైతులు బెల్లం తోలుకొచ్చేవాళ్లు. గానుగ ఆడకముందే మండీలో కొంత డబ్బు తీసుకుని ఉండేవాళ్లు కాబట్టి సరుకు అక్కడికే రావాలి. అమ్మిన సొమ్ములో అప్పు, వడ్డీ, కమీషను పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేవాళ్లు. కొందరు మిగిలింది కూడా తీసుకునేవాళ్లు కాదు. "మీ దగ్గరే ఉండనీ సామీ, పాప పెండ్లికి తీసుకుంటా" అనేవాళ్లు. వాళ్లకు ఆ మండీయే బ్యాంకు.

సరుకు కొన్న తమిళ వ్యాపారి అప్పటికప్పుడు డబ్బిచ్చేవాడు కాదు. నలభై ఐదు రోజులకో అరవై రోజులకో ఇస్తానని కాగితం రాసిచ్చేవాడు. దాన్ని హుండీ అనేవాళ్లు. తిరుపతి పిల్లలకు హుండీ అంటే కొండమీద స్వామివారి హుండీ ఒక్కటే తెలుసు. నేను చిత్తూరులో పెరిగాను కాబట్టి మొదట తెలిసిన హుండీ ఈ కాగితమే. గడువు దాకా ఆగలేని సాహుకారు దాన్ని డబ్బున్న ఇంకో ఆసామికి కాస్త తగ్గించి ఇచ్చేసేవాడు. గడువుకు అసలు మొత్తం ఆయన వసూలు చేసుకునేవాడు. మధ్యలో ఆ కాగితానికి విలువ ఎక్కడినుంచి వచ్చింది? రాసిచ్చినవాడి మీద నమ్మకం. మన భాషలో దానికి చక్కని మాట ఉంది, పరపతి. నలుగురిలో ఉన్న మంచి పేరూ పరపతే, అప్పు పుట్టడమూ పరపతే.

లండన్‌లో బ్యాంకులకు నెలవైన లోంబార్డ్ వీధి చేసిన పని సరిగ్గా ఇదే. బ్యాజట్ 1826లో ఇంగ్లండులోని సోమర్‌సెట్ ప్రాంతంలో లాంగ్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి స్టకీ బ్యాంకులో పెద్ద అధికారి. తల్లి ఆ బ్యాంకు స్థాపించిన కుటుంబం ఆడపడుచు. చుట్టుపక్కలంతా వ్యవసాయం. అక్కడ దాచుకునేవాళ్లు ఎక్కువ, అప్పడిగేవాళ్లు తక్కువ. మిగులు డబ్బు లండన్ చేరేది, అక్కడ హుండీల మీద ఉత్తరాది మిల్లులకు అప్పుగా పోయేది. బ్యాజట్ లా చదివి 1852లో బారిస్టర్‌గా అర్హత తెచ్చుకుని, ప్రాక్టీసు పెట్టకుండా ఊరికి తిరిగొచ్చి ఆ బ్యాంకులోనే చేరాడు. గల్లాపెట్టె దగ్గర మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చూస్తూ పెరిగినవాడు, తర్వాత దాన్నే ఉద్యోగంగా చేసినవాడు. సాహిత్య వ్యాసాలు రాస్తూనే బ్యాంకు పని చేశాడు.

1857లో ది ఎకనామిస్ట్ పత్రిక యజమాని జేమ్స్ విల్సన్‌తో పరిచయమైంది. మరుసటేడు ఆయన పెద్ద కూతురు ఎలైజాను పెళ్లి చేసుకున్నాడు. ఈ విల్సన్ మనకూ సంబంధం ఉన్నవాడే. ఒకప్పుడు టోపీల వ్యాపారం చేసి, మన దేశపు నీలిమందు మీద బేరాలాడి దివాలా అంచుదాకా వెళ్లాడు. కోలుకుని 1843లో పత్రిక పెట్టాడు. 1859 చివర్లో ఇండియాకు వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడిగా వచ్చి, 1860లో మొదటి బడ్జెట్ పెట్టి, ఆదాయపు పన్ను మొదలుపెట్టి, ఆ ఆగస్టులోనే కలకత్తాలో జబ్బు చేసి చనిపోయాడు. ఏటా జూలైలో మనం వేసే రిటర్నులకు మూలపురుషుడు ఆయనే. మామగారు పోయాక పత్రిక భారం అల్లుడి మీద పడింది. 1861 నుంచి 1877లో చనిపోయేదాకా బ్యాజట్ దానికి సంపాదకుడు. పోయేనాటికి వయసు 51.

1866 మే 10న లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే కంపెనీ చెల్లింపులు ఆపేసింది. హుండీలు కొని అమ్మడంలో దాన్ని మించింది లేదు. బాకీలు ఒక కోటీ పది లక్షల పౌండ్ల దాకా ఉన్నాయి. మర్నాడు శుక్రవారం లోంబార్డ్ వీధి జనంతో నిండిపోయింది. అక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, అడిగినవాళ్లకు అప్పులిస్తూ పోయింది, ఒక్కరోజులో దాని నగదు నిల్వ సగానికి దగ్గరగా పడిపోయింది. వడ్డీ 10 శాతానికి ఎక్కి మూడు నెలలకు పైగా అక్కడే నిలిచింది. ఆ రోజుల్లో చూసిందీ, రాసిందీ, వాదించిందీ కలిపి బ్యాజట్ 1873లో పుస్తకంగా వేశాడు. దానికి ద్రవ్య విపణి లాంటి పేరు పెట్టకుండా లోంబార్డ్ స్ట్రీట్ అని వీధి పేరే పెట్టాడు. కళ్లెదుట ఉన్న వాస్తవాల గురించి మాట్లాడబోతున్నానని తెలియడానికే ఆ పేరు పెట్టానని మొదటి వాక్యాల్లోనే చెప్పుకున్నాడు. మనవాళ్లెవరైనా బ్యాంకుల మీద పుస్తకం రాసి "బెల్లం మండీ వీధి" అని పేరు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

ఆ రాత్రి

ఇరవై ఏళ్ల కిందటి మాట. మా జిల్లాలోనే ఒక ఊళ్లో ఒక పరపతి సంఘం ఉండేది. పేరు రాయను. డిపాజిట్ల మీద బ్యాంకుల కంటే రెండు మూడు శాతం ఎక్కువ వడ్డీ ఇచ్చేది. తిరుపతిలోనూ దానికి ఒక శాఖ ఉండేది. సంక్రాంతికి, బ్రహ్మోత్సవాలకు మా పేపర్లో దాని శుభాకాంక్షల ప్రకటన వచ్చేది.

ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఆ ఊరి విలేకరి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం నుంచి సంఘం ముందు జనం గుమిగూడారని, గడువు తీరిన బాండ్లకు కూడా "సోమవారం రండి" అంటున్నారని, ఇద్దరు డైరెక్టర్లు ఊళ్లో లేరని చెప్పాడు. మూడు పేరాల వార్త పంపాడు. నేను దిద్దాను. శీర్షిక కూడా పెట్టాను. పేజీ పంపేముందు మా ఇన్‌చార్జి పిలిచి అన్నాడు: "ఇది రాస్తే రేపు పొద్దున్నే తిరుపతి శాఖ ముందు క్యూ కడతారు. సంఘం బాగానే ఉండొచ్చు, మనమే ముంచినట్టవుతుంది. రెండు రోజులు చూద్దాం."

నేను వాదించలేదు. నిజం చెప్పాలంటే ఆయన మాట సబబుగానే అనిపించింది. ప్రకటన కోసం ఆపాడని నేను ఇప్పటికీ అనుకోను. ఆయన మంచివాడు, భయపడ్డాడు. ఆ స్థలంలో కొత్త స్కూటరు విడుదల ఫోటో పెట్టాం.

పేజీ పంపి బయటికొచ్చి, ఆఫీసు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి చిత్తూరులో మా పిన్నమ్మకు ఫోన్ చేశాను. ఆమె 40 వేలు ఆ సంఘంలో ఉన్నాయి. "పొద్దున్నే పోయి తీసుకో పిన్నమ్మా, ఎవరికీ చెప్పొద్దు" అన్నాను. గడువు తీరకపోయినా, వడ్డీ వదులుకుని ఆమె తెచ్చుకుంది. ఆమె తర్వాత పది మందో ఇరవై మందో తెచ్చుకున్నారు. నాలుగో రోజు షట్టరు దించేశారు. ఐదో రోజు మా పేపర్లో మొదటి పేజీలో వార్త వచ్చింది, పెద్ద ఫోటోతో.

ఆ వారంలోనే ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర టెంకాయలు అమ్ముకునే మనిషి. లుంగీ మడతలోంచి పాలిథీన్ కవరు తీశాడు. అందులో ఇంకో కవరు, దానిలో బాండు. 60 వేలు. మడతలు పడకుండా అట్టముక్క కూడా పెట్టుకున్నాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బాండు నా బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో సాపు చేశాడు. వేళ్ల గోళ్ల సందుల్లో టెంకాయ పీచు ఇరుక్కుని ఉంది. "మీకు ముందే తెలుసంటనే నాయనా?" అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. రెండు అరచేతులూ గుర్తున్నాయి.

ఆ రోజు నుంచి ఇన్‌చార్జి వాదనలో నాకు ఒక లోపం కనిపిస్తూనే ఉంది. వార్త ఆగలేదు. పేపర్లో మాత్రమే ఆగింది. విలేకరికి తెలుసు, డెస్కుకు తెలుసు, డైరెక్టర్ల బంధువులకు తెలుసు, మా పిన్నమ్మకు తెలుసు. టెంకాయల పెద్దాయనకు ఒక్కడికే తెలియదు. మేము కాపాడామనుకున్న సంఘం ఎలాగూ మునిగింది. తెలిసినవాళ్లు తీసుకుపోయిన డబ్బు తెలియనివాళ్ల వాటాలోంచి పోయింది. మా పిన్నమ్మ 40 వేలు కూడా అలా వచ్చినవే.

రాస్తే మునుగుతుందా?

ఇక అనుమానాలు. మొదటిది బ్యాజట్ నోటి నుంచే వస్తుంది. తన పరపతిని నిరూపించుకోవాల్సి వచ్చిందంటే, ఎంత బలమైన రుజువులు చూపించినా ఆ బ్యాంకరు పరపతి అప్పటికే పోయినట్టేనని రాశాడు. ఇది గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాడికే తెలిసే మాట. అలాంటప్పుడు ఒక పత్రిక "ఫలానా సంఘం ముందు జనం గుమిగూడారు" అని రాస్తే, నిక్షేపంగా ఉన్న సంఘం కూడా కూలుతుంది కదా? ఏ బ్యాంకైనా డిపాజిట్లన్నీ బీరువాలో పెట్టుకోదు. అప్పులిచ్చేస్తుంది. అందరూ ఒకేరోజు అడిగితే ఏ బ్యాంకూ ఇవ్వలేదు. మా ఇన్‌చార్జి భయం ఇదే, అది అబద్ధపు భయం కాదు.

కానీ బ్యాజట్ ఈ మాట రాసి నోరు మూసుకోలేదు. అదే పుస్తకంలో, దేశంలోని బ్యాంకులన్నీ తమ నిల్వను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గరే పెట్టి నిశ్చింతగా ఉన్నాయని, ఆ నిల్వ చాలదని, ఆ బాధ్యత తమదని బ్యాంకు పెద్దలు పైకి ఒప్పుకోవడం లేదని అచ్చులో పెట్టాడు. ఎప్పుడు? 1873లో, క్యూలు లేని రోజుల్లో. నాకు అర్థమైంది ఇది. రాయాలా వద్దా అనే ప్రశ్న ఆ రాత్రి తొమ్మిదిన్నరకు పుట్టింది కాదు. అంతకు మూడేళ్ల ముందే పుట్టింది. బ్యాంకులు ఇవ్వలేని వడ్డీ ఈ సంఘం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తోంది, ఎవరికి అప్పులిచ్చింది, ఆడిట్ ఎప్పుడు జరిగింది అని మామూలు రోజుల్లో మామూలు వార్తగా రాసి ఉంటే, ఆ రాత్రి మాకు అంత టెన్షన్ ఉండేది కాదు. నేను ఆ మూడేళ్లూ బంగారం ధర, సెన్సెక్స్ అంకెలు, స్కూటర్ల ఫోటోలు వేశాను.

భయం గురించి ఆయన చెప్పిన ఇంకో మాట నాకు చాలా ఇష్టం. అది నరాల నొప్పి లాంటి జబ్బట, పస్తు పెడితే తగ్గదట. మనం లంఖణం పరమౌషధం అనుకునేవాళ్లం. ఈ జబ్బుకు మాత్రం లంఖణం పనికిరాదు. ఆయన డబ్బు గురించి అన్నాడు. సమాచారానికి కూడా ఇదే వర్తిస్తుందని నేను అంటాను. ఏమీ చెప్పకుండా పస్తు పెడితే భయం తగ్గదు, పుకారు తిని బతుకుతుంది.

రెండో అనుమానం. బ్యాంకు లోపలివాడే బ్యాంకుల గురించి రాయడం మంచిదేనా? సంపాదకుడయ్యాక కూడా బ్యాజట్ సొంత బ్యాంకుతో సంబంధం తెంచుకోలేదు. ఆర్థిక మంత్రులు ఆయన సలహా అడిగేవాళ్లు. కొద్ది నెలల అప్పు కోసం 1877లో బ్రిటిష్ ప్రభుత్వం మొదలుపెట్టిన ట్రెజరీ బిల్లు అనే కాగితం ఆయన ఆలోచనే. వ్యాపారుల హుండీ ఎలా ఉంటుందో ప్రభుత్వ కాగితం కూడా అలాగే ఉండాలన్నాడు. ఇవాళ మన రిజర్వు బ్యాంకు వారం వారం వేలం వేసే 91 రోజుల బిల్లు ఆ వంశందే. ఇంత దగ్గరగా మెలిగినవాడు ఎవరినైనా నిలదీయగలడా? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆయన వ్యవస్థను నిలదీశాడు, మనుషులను వేలెత్తి చూపడం తక్కువ.

అది చేసిన మనిషి మన దేశంలో ఉన్నారు. 1992 ఏప్రిల్ 23న టైమ్స్ ఆఫ్ ఇండియాలో సుచేతా దలాల్ రాసిన వార్తతో షేర్ బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణం బయటపడింది. స్టేట్ బ్యాంకుకు రావాల్సిన 500 కోట్ల లెక్క గురించిన వార్త అది. ఆవిడ బ్యాంకరు కాదు, న్యాయశాస్త్రం చదివిన విలేకరి. ఆ వార్త తర్వాత షేర్ల ధరలు కుప్పకూలాయి, ఎందరో నష్టపోయారు. "రాయకపోతే అంత నష్టం ఉండేది కాదు" అన్నవాళ్లను నేను కళ్లారా చూశాను. మా మండీ వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ల నష్టం నిజమే. కానీ ఆ ధరలు నిలబడింది బ్యాంకుల సొమ్ము మీద. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఇంకో వేల మంది ఆ ఎత్తున కొనుక్కుని కూర్చునేవాళ్లు. గల్లాపెట్టె వెనక కూర్చున్నవాడే రాయాలని నేను ఒకప్పుడు గట్టిగా అనుకున్నాను. సుచేతా దలాల్‌ను తలుచుకుంటే ఆ మాట సడలించుకోవాల్సి వస్తోంది. పెట్టె వెనకో ముందో, ఏదో ఒక వైపు నిలబడి చూసి ఉంటే చాలు.

మూడోది బ్యాజట్ బతికుండగానే వచ్చిన విమర్శ. కేంద్ర బ్యాంకు ఆదుకుంటుందని ముందే చెప్పేస్తే బ్యాంకులు జాగ్రత్త మానేస్తాయని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డైరెక్టర్ థామ్సన్ హాంకీ మండిపడ్డాడు. ఎకనామిస్ట్ చెప్పే సిద్ధాంతమంత ప్రమాదకరమైనది బ్యాంకింగ్ ప్రపంచంలో ఇంతవరకూ పుట్టలేదన్నాడు. హాంకీ మాటలో సగం నిజం ఉందని తర్వాతి చరిత్ర చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. ఇది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

ఎవరి కోసం రాశాడు

బ్యాజట్‌లో నాకు నచ్చని మనిషి కూడా ఉన్నాడు. కూలివాళ్లకు, చదువు లేనివాళ్లకు ఓటు విస్తరించడం ఆయనకు ఇష్టం లేదు. ఇంగ్లండు రాజ్యాంగం మీద 1867లో వేసిన పుస్తకంలో మామూలు జనం రాజరికపు హంగు చూసి తలవంచుతారని, అసలు పాలన వెనక వేరేచోట జరుగుతుందని, అదే మేలని అంటాడు. పాతికేళ్ల వయసులో పారిస్‌లో ఉన్నప్పుడు ఫ్రాన్సు అధ్యక్షుడు లూయీ నెపోలియన్ కుట్రతో అధికారం పట్టుకుంటే దాన్ని సమర్థిస్తూ లేఖలు రాశాడు. వ్యాపారం నడవాలంటే వీధిలో శాంతి ఉండాలి, అంతే ఆయన వాదన. ఆయన రాసింది లోంబార్డ్ వీధి పెద్దమనుషుల కోసం. బయట నిలబడ్డ జనం ఆయన రాతల్లో ఒక ప్రకృతి శక్తి లాగా, వరద లాగా వస్తారు. వాళ్లకు ముఖాలుండవు.

ఇక్కడ ఆయనతో నేను విభేదిస్తాను. టెంకాయల పెద్దాయన అజ్ఞాని కాదు. బాండు మీద గడువు తేదీ, వడ్డీ శాతం, సంతకాలు అన్నీ చూసుకునే తీసుకున్నాడు. తెలుసుకోవాల్సినది ఆయనకు ఎవరూ చెప్పలేదు. జనం భయపడి పరుగెత్తడం తెలివితక్కువతనం కాదు. అందరికంటే చివర తెలిసేది తమకేనని అనుభవం మీద తెలిసినవాళ్లు చేసే పని అది.

మన వైపు ఇది కొత్త కాదు. 1906 అక్టోబరు 22న మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే బ్యాంకింగ్ కంపెనీ మూతపడింది. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లా ముఖ్యపట్టణం, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ప్రెసిడెన్సీ అంతటా ఉద్యోగులు, పింఛనుదార్లు దాచుకున్న సొమ్ము అందులో పోయింది. కంపెనీ పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్ జైలుకు వెళ్లాడు. ఆ దెబ్బతోనే మనదంటూ ఒక బ్యాంకు ఉండాలని 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తెలుగువాళ్ల వైపు చూస్తే, మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆయన వృత్తికి డాక్టరు. అంతకు ముందు 1919 నుంచే జన్మభూమి అనే వారపత్రిక నడిపారు. బ్యాంకూ పత్రికా రెండూ నడిపిన తెలుగువాడు ఆయన. అయితే ఆ వారపత్రిక ఇంగ్లీషులో వచ్చేది.

నా బాధ అక్కడే ఉంది. మన దగ్గర డబ్బు గురించి లోతుగా రాసింది ఏదైనా ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఉండేది ఏ షేరు కొనాలి, ఏ ప్లాటు కొనాలి, పది గ్రాముల బంగారం ఎంత. డబ్బు పెట్టమని చెప్పడానికి తెలుగు బాగా పనికొస్తోంది. తీసుకోమని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంగ్లీషులోకి వెళ్లిపోతున్నాం.

2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి, ఖాతాదారులు 50 వేలకు మించి తీసుకోకూడదన్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ బ్యాంకులో ఉన్న సుమారు 1,300 కోట్లను అంతకు నెలల ముందే వెనక్కి తీసుకుందని ఆ వారంలో పత్రికల్లో వచ్చింది. మా ఊళ్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు, నేనూ అనుకున్నాను. దేవస్థానం చేసింది సరైన పని. భక్తుల సొమ్మును కాపాడాల్సిన బాధ్యత వాళ్లది. కానీ అంత పెద్ద సంస్థకు నెలల ముందు తెలిసే పరిస్థితి, అదే బ్యాంకులో లక్షా యాభై వేలు దాచుకున్న మా వీధి మందుల షాపు ఆసామికి మార్చి 5 రాత్రి టీవీలో ఎందుకు తెలియాలి? ఆయన అడగాల్సిన ప్రశ్నలను ముందే అడిగే మనిషి పత్రికలో ఉండాలి. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పులు, మొండి బకాయిలు చూపించడంలో వచ్చిన తేడాలు అప్పటికే బయటి కాగితాల్లో ఉన్నాయి. తెలుగులో చెప్పినవాళ్లు లేరు.

చెప్పలేనంత కష్టమైనదా అది? మండీలో ఒక రైతు వరుసగా రెండు సీజన్లు బాకీ కట్టకపోతే, సాహుకారు పాత కాగితం చించి, వడ్డీ కూడా కలిపి కొత్త కాగితం రాయించుకునేవాడు. లెక్కలో బాకీ కొత్తదిలాగా, నిక్షేపంగా కనిపించేది. మా నాయన అలాంటి పద్దు పక్కన చిన్న చుక్క పెట్టుకునేవాడు. "ఇది రాదురా" అనేవాడు. బ్యాంకు అప్పు 90 రోజులు కట్టకపోతే మొండి బకాయి కింద చూపించాలన్నది ఇప్పటి నిబంధన. బ్యాంకులు దాన్ని తప్పించుకోవడానికి వేసే వేషాల్లో ఒకటి ఈ కొత్త కాగితమే. ఏడో తరగతి చదివిన మా నాయన ఒక చుక్కతో చెప్పిన సంగతిని, వాణిజ్యం పేజీ ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా రాయలేదు.

పోయిన శ్రావణంలో మా వీధి ఆవిడ ఒక కరపత్రం పట్టుకొచ్చింది. 11 శాతం వడ్డీ, పెద్దవాళ్లకు ఇంకో అర శాతం. "కో-ఆపరేటివ్ అని ఉంది కదా సార్, గవర్నమెంటుదే కదా?" అని అడిగింది. నాకు గుండెల్లో రాయి పడినట్టయింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే ప్రశ్న. కూర్చోబెట్టి చెప్పాను. 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. అంతకుముందు లక్షే ఉండేది. అసలూ వడ్డీ కలిపి 5 లక్షలు, అదే బ్యాంకులో నాలుగు శాఖల్లో వేసినా అంతే. పట్టణ సహకార బ్యాంకులకూ ఈ బీమా ఉంది. పరపతి సంఘాలకు, చిట్టీలకు లేదు. బోర్డు మీద సహకార అని ఉన్నంత మాత్రాన అది బ్యాంకు కాదు. డిపాజిట్ బీమా ఇచ్చే సంస్థ వేసే బ్యాంకుల జాబితా ఫోనులో తీసి ఇద్దరం కలిసి వెతికాం. ఆ పేరు లేదు. ఆవిడ కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇంత సంగతి పేపర్లో వెయ్యరేం సార్?" అంది.

ఈ వ్యాసం మొదటి ప్రతి మా అక్క కూతురికి చదవమని ఇచ్చాను. పరీక్షలో బ్యాజట్ ప్రశ్న రాలేదట. బాగుంది మామా అని, కాసేపు ఆగి, "ఆ రాత్రి ఫోన్ చేసిన సంగతి తీసేయరాదా? చిన్నమ్మమ్మ ఫోన్లో చదువుతుంది ఇవన్నీ. నువ్వు ఫోన్ చేయబట్టే బతికినానని పండగ పండగకూ చెప్తాది ఆమె" అంది.

చదవనీమ్మా అన్నాను.